కొండకు మెట్లు చెక్కి వరి పండించారు.. ఇఫుగావో మళ్లు చూడాలంటే ముందు ఇవి తెలుసుకోండి!

ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్లకు బీచ్‌లు, లేదంటే మన పిల్లలు మెడిసిన్ చదవడానికి వెళ్లే కాలేజీలు గుర్తొస్తాయి. కానీ ఆ దేశం తన 20 పెసోల నోటు మీద వేసుకున్న బొమ్మ వేరే ఉంది. అవే లూజాన్ దీవి ఉత్తరాన, కార్డిల్లెరా కొండల్లో ఉన్న వరి మళ్లు. ఇఫుగావో అనే ఆదివాసీ తెగ వీటిని చేతులతో కట్టింది. కొండ అడుగు నుంచి దాదాపు శిఖరం దాకా మెట్లు మెట్లుగా మళ్లే కనిపిస్తాయి.

నీళ్లు పైకి ఎలా ఎక్కాయి?

నిజానికి నీళ్లు పైకి ఎక్కలేదు. పై నుంచే దిగుతాయి. మళ్లకు ఎగువన ప్రతి కుటుంబం కొంత అడవిని కాపాడుకుంటుంది. దాన్ని 'ముయోంగ్' అంటారు. ఆ చెట్లు వాన నీటిని పట్టి ఉంచి, ఊటలుగా మెల్లగా వదులుతాయి. ఆ నీరు కాలువల్లో పై మడికి చేరుతుంది. అది నిండాక కింది మడికి, అక్కడి నుంచి ఇంకో మడికి దిగుతుంది. మోటార్ లేదు, కరెంటు లేదు. అడవి నరికితే మడి ఎండినట్టే. అందుకే ఇక్కడ అడవి కూడా వ్యవసాయంలో భాగమే.

గట్లు కొన్నిచోట్ల రాతితో, కొన్నిచోట్ల మట్టితో కట్టారు. ఇరుకు మళ్లు కావడంతో ట్రాక్టర్లు రావు. దున్నడం, నాటడం, కోయడం చాలావరకు మనుషుల పనే. ఇక్కడి సంప్రదాయ వరి పేరు 'టినావోన్'. ఏడాదికి ఒక్కసారే పండేది అని దాని అర్థం.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం ఉంది. 1960ల్లో మన గోదావరి జిల్లాల పొలాల్లోకి వచ్చి దిగుబడిని మార్చేసిన ఐఆర్-8 వరి కూడా ఇదే లూజాన్ దీవిలో పుట్టింది. లాస్ బానోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో దాన్ని విడుదల చేసింది. అదే దీవిలోని కొండల మీద మాత్రం ఇఫుగావోలు పాత విత్తనాన్ని వదల్లేదు.

వయసెంత?

రెండు వేల ఏళ్ల నాటివని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. కానీ ఆర్కియాలజిస్ట్ స్టీఫెన్ అకాబాడో బృందం కియాంగన్ ప్రాంతంలో జరిపిన తవ్వకాలు వేరే మాట చెబుతున్నాయి. ఈ లెక్కన వరి మళ్ల విస్తరణ జరిగింది సుమారు 400 ఏళ్ల కిందటే. అంతకుముందు అక్కడ చేమ దుంపలు పండించేవారు. స్పానిష్ సేనలు మైదానాల్లోకి వచ్చాక, జనం కొండల్లోకి చేరి ఇంత పెద్ద ఎత్తున వరి మొదలుపెట్టారన్నది ఈ పరిశోధకుల వాదన. అదే నిజమైతే ఈ మళ్ల గొప్పతనం తగ్గదు. లొంగకుండా బతకడానికి కొన్ని తరాల్లోనే ఇంత కట్టారంటే ఇంకా ఆశ్చర్యమే!

ఏం చూడాలి?

1995లో యునెస్కో ఐదు చోట్ల మళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బటాడ్, బంగాన్, మయోయావ్, హుంగ్‌డువాన్, నగకదాన్. టూరిస్టులు ఎక్కువగా ఫొటోలు దిగే బనావే టౌన్ వ్యూపాయింట్ ఎదుట కనిపించే మళ్లు ఈ జాబితాలో లేవు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మనీలా నుంచి బనావేకు రాత్రి బస్సులు ఉంటాయి. దూరం సుమారు 350 కిలోమీటర్లు. బటాడ్ ఊళ్లోకి చివర నడిచే వెళ్లాలి. గిన్నె ఆకారంలో మూడు వైపులా మళ్లు లేచి ఉంటే, మధ్యలో చిన్న ఊరు. ఏడాది మొదట్లో మళ్లు నీళ్లతో అద్దాల్లా మెరుస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పచ్చగా ఉంటాయి. జులై ప్రాంతంలో కోతలు. ఆ తర్వాత తుపాన్ల కాలం, జాగ్రత్త.

అసలు సమస్య ఇదీ

2001లో యునెస్కో వీటిని 'ప్రమాదంలో ఉన్న వారసత్వం' జాబితాలో పెట్టింది. మరమ్మతులు, సంరక్షణ చర్యల తర్వాత 2012లో తీసేసింది. అయినా గండం పూర్తిగా గడవలేదు. ఏడాదికి ఒక్క పంట ఇంటి తిండికే బొటాబొటి. దాంతో యువత చదువు, ఉద్యోగాల కోసం పట్నం దారి పడుతోంది. ఒక మడి వదిలేస్తే నష్టం ఆ మడితో ఆగదు. గట్టు తెగితే నీరు కింది మళ్లనూ కోసుకుంటూ పోతుంది. నాట్లు, కోతల వేళ పెద్దవయసు మహిళలు పాడే 'హుడ్‌హుడ్' గానానిదీ అదే కథ. యునెస్కో గుర్తింపు ఉంది, నేర్చుకునేవాళ్లే తగ్గుతున్నారు.

అందుకే వెళ్లేవాళ్లు కొన్ని పాటిస్తే మేలు. ఊరి గైడ్‌నే పెట్టుకోండి, ఊళ్లోనే బస చేయండి. మీ డబ్బు గట్టు కట్టే చేతికి చేరాలి. సెల్ఫీ కోసం గట్ల అంచులు తొక్కకండి, నాటిన మడిలో దిగకండి. చూడ్డానికి అది టూరిస్ట్ స్పాటే కావొచ్చు. అక్కడివాళ్లకు మాత్రం ఈ ఏడాది తిండి గింజలు.