కలము ఆగినప్పుడు



శనివారం రాత్రి ఇంటివారందరూ పండుకొన్న తరువాత సేవకుడు ప్రసంగము వ్రాయ కూర్చుంటాడు. పది గంటలవుతుంది, పదకొండవుతుంది, కాగితం మాత్రం తెల్లగానే ఉంటుంది. ఈ ఇబ్బంది సేవకులకే కాదు. క్రిస్మస్ నాటకం వ్రాస్తామని ఒప్పుకొన్న యౌవనస్థులకు, స్త్రీల సమాజములో సాక్ష్యము చదువవలసిన సోదరికి, బిడ్డను పోగొట్టుకొన్న బంధువులకు ఉత్తరం వ్రాయబోయి మొదటి మాట దగ్గరే ఆగిపోయిన తండ్రికి కూడా ఇది తెలిసిన సంగతే. కొందరు తమకు తలాంతు లేదని సరిపెట్టుకుంటారు. మరికొందరు దేవుడే తమతో మాట్లాడుట మానివేశాడని క్రుంగిపోతారు. ఈ రెండవ తలంపును గూర్చియే మేము వ్రాయగోరుచున్నాము.

యిర్మీయా 42వ అధ్యాయము తీసి చూడండి. ఐగుప్తునకు పోవలెనా, వద్దా అని జనులు ప్రవక్తను అడిగారు. జవాబు రావడానికి 10 దినములు పట్టింది. అంత గొప్ప ప్రవక్త కూడా ఏదో ఒకటి అల్లి చెప్పక, ఊరకుండి కనిపెట్టాడు.

ఇంగ్లండులో 1731లో పుట్టిన విలియం కౌపర్ అను కవి మౌనము పది దినములతో తీరలేదు. ఈయన ఆరేండ్ల ప్రాయములో తల్లిని పోగొట్టుకొన్నాడు. యౌవనములోనే మనోవ్యాధి పట్టి ఆత్మహత్యకు ప్రయత్నించాడు. తరువాత ఓల్నీ అను చిన్న ఊరిలో కాపురముండగా, అక్కడి పాదిరి జాన్ న్యూటన్ గారు ఆయనను చేరదీసి, ఇద్దరమూ కలిసి కీర్తనల పుస్తకం వ్రాద్దామన్నారు. ఆ ఊరిలో అనేకులు లేసులు అల్లి పొట్ట పోసుకునే బీదలు. వారు పాడుకొనుటకే ఆ కీర్తనలు. 1773లో కౌపర్‌కు వ్యాధి తిరుగబెట్టింది. దేవుడు తన్ను త్రోసివేశాడని ఆయన మనస్సులో గట్టిగా నాటుకొన్నది. కీర్తనలు ఆగిపోయాయి. పుస్తకం 1779లో వెలువడినప్పుడు అందులో 60కి పైగా ఆయనవే, మిగిలినవన్నీ న్యూటన్ గారివి.

మరి కలము పట్టలేని ఆ కాలములో ఆయన ఏమి చేశాడు? తోటపని చేశాడు. వడ్రంగం నేర్చుకొన్నాడు. 1774లో మూడు కుందేలు పిల్లలను తెచ్చుకొని పెంచాడు. ఈ కుందేళ్ల సంగతి మాకెంతో ఇష్టము. వేళకు మేత వేయాలి, తలుపు తీయాలి, మరల మూయాలి. మనస్సు పని చేయకున్నా చేతులు పని చేస్తూనే ఉన్నాయి. వ్రాయుమని ఎవరూ ఆయనను గద్దించలేదు. కొన్నేండ్లకు, ఆయనను తన ఇంట ఉంచుకొని కనిపెట్టి చూసుకొన్న మేరీ అన్విన్ అను విధవరాలు, ఒక అంశము చేతికిచ్చి పద్యము వ్రాయుమని ప్రోత్సహించింది. అలా 1782లో ఆయన మొదటి పద్య సంపుటి వెలువడింది.

అసలు ముచ్చట ఆ తరువాతిది. లేడీ ఆస్టెన్ అను స్నేహితురాలు, ప్రాసలేని పద్యము వ్రాయుమని ఆయనను పట్టుబట్టింది. ఏ విషయము మీద వ్రాయమంటావని ఆయన అడిగితే, ఇదిగో, ఈ సోఫా మీద వ్రాయుమన్నది! ఆయన నిజముగానే వ్రాశాడు. మూడు కాళ్ల ముక్కాలిపీట ఎలా కుర్చీ అయినదో, కుర్చీ ఎలా సోఫా అయినదో నవ్వు పుట్టేలా మొదలుపెట్టాడు. సోఫా మీద నుండి లేచి పొలాల గట్ల వెంట నడిచాడు, చలికాలపు సాయంకాలములను వర్ణించాడు, మనుష్యులను బానిసలుగా కొని అమ్మడం ఎంత ఘోరమో గద్దించి చెప్పాడు. చివరికి అది ఆరు భాగముల గ్రంథమై, ‘ది టాస్క్’ అను పేరుతో 1785లో అచ్చయింది. చిన్న వినోదముగా మొదలుపెట్టినది గ్రంథమైపోయిందని ఆయనే ముందుమాటలో చెప్పుకొన్నాడు. సోఫాకు బదులు దేవుని మహిమ మీదనో, మానవ జీవితము మీదనో వ్రాయుమని ఆమె అడిగియుంటే ఆయన ఒక్క పంక్తి అయినా వ్రాసేవాడా? మాకు అనుమానమే.

అయితే ఆయన బాగుపడిపోయాడని చెప్పుట సత్యము కాదు. ఆ నిరాశ 1800లో ఆయన మరణించువరకు పూర్తిగా విడువలేదు. తన మాటలు రానప్పుడు హోమరు కావ్యములను అనువదిస్తూ కాలము గడిపాడు. అవి 1791లో అచ్చయ్యాయి. కనుక సహోదరులారా, మీ ఇంట ఎవరైనా వారాల తరబడి నిద్రాహారములు మాని, బ్రదుకే వద్దంటుంటే, దానిని విశ్వాసలోపమని తేల్చక వెంటనే వైద్యుని దగ్గరకు తీసికొనిపోండి. ప్రార్థన ఇంటిలోనూ చేయవచ్చు, ఆసుపత్రి వరండాలోనూ చేయవచ్చు.

కేవలము కలము మాత్రమే ఆగినవారికి ఒక మాట. మీ ఇంట సోఫా ఉండకపోవచ్చు. నులకమంచము ఉన్నదికదా? సాక్ష్యము వ్రాయలేక కూర్చున్న సోదరీ, ‘దేవుడు నా జీవితములో చేసిన గొప్ప కార్యములు’ అను శీర్షికను కొట్టివేయండి. జ్వరముతో మీరు పండుకొన్న ఆ మంచము ఏ మూల ఉన్నది, ఆ రాత్రి గంజి కాచి తెచ్చినది ఎవరు, ఆమె మీతో ఏమన్నది, అంతవరకే వ్రాయండి. నాటకము వ్రాసే తమ్ముళ్లు దేవదూతలను కాసేపు తెర వెనుక ఉంచి, సత్రములో స్థలము లేదని చెప్పిన మనిషి ఆ రాత్రి ఇంటికి పోయి భార్యతో ఏమి చెప్పియుంటాడో ముందు వ్రాసి చూడండి.