విన్నవారికీ గాయమవుతుంది

మనుషుల అక్రమ రవాణా గురించి మాట్లాడుకునేటప్పుడు మనం బాధితుల గురించే మాట్లాడుకుంటాం. అది న్యాయమే. అయితే వారిని బయటికి తీసుకొచ్చేవారు, తెచ్చాక రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండేవారు కూడా ఉన్నారు. హోమ్‌లో వార్డెన్, కౌన్సెలర్, వైద్య పరీక్ష దగ్గర నిలబడే నర్సు, రెస్క్యూకి వెళ్లిన మహిళా కానిస్టేబుల్, కోర్టుకు తోడు వెళ్లే కార్యకర్త, ఆ రాత్రి జీపు నడిపిన డ్రైవరు. వీరిలో కొందరు మన సంఘ కుటుంబాలవారే. ఇలాంటివారు ఓపీకి వచ్చినప్పుడు మనసు బాగాలేదని చెప్పరు. గ్యాస్ ట్రబుల్ అంటారు, తలనొప్పి అంటారు, నిద్రమాత్ర రాయమంటారు. ఏం పని చేస్తారని అడిగితే గాని అసలు సంగతి బయటపడదు. ఈ సంచికలో వీరి బాధ గురించి, ఇంట్లోవారు చేయగలిగిన దాని గురించి తెలుసుకుందాం.

ఇది నిజంగా జబ్బేనా?

"దెబ్బ తగిలింది ఆ పిల్లకు కదా, ఈమెకేమైంది?" అని చాలామందికి అనుమానం. ఈ అనుమానం డాక్టర్లకూ చాలాకాలం ఉండేది. 1990లో అమెరికాలో మెకాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ నిపుణులు ఒక విషయం రాశారు. హింసకు గురైనవారి మాటలు ఏళ్ల తరబడి వినే చికిత్సకుల ఆలోచనా విధానమే మెల్లగా మారిపోతుందని, లోకం మీద, మనుషుల మీద వారికుండే నమ్మకం దెబ్బతింటుందని వివరించారు. 1995లో చార్లెస్ ఫిగ్లీ దీనినే ఇంకో వైపు నుంచి చూసి 'కంపాషన్ ఫెటీగ్' అన్నాడు, అంటే కనికరం వల్ల వచ్చే అలసట. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు, ఉద్యోగరీత్యా ఘోరమైన సంఘటనల వివరాలను పదేపదే ఎదుర్కొనేవారికి కూడా పీటీఎస్‌డీ రావచ్చని చేర్చింది. పిల్లలపై జరిగిన అఘాయిత్యాల వివరాలు మళ్లీ మళ్లీ వినవలసి వచ్చే పోలీసులను అందుకు ఉదాహరణగా చూపింది. టీవీలో వార్త చూసి బాధపడటం ఇందులోకి రాదు.

దీనికీ, మామూలు పని అలసటకూ తేడా ఉంది. జీతం తక్కువ, పని ఎక్కువ, పైవారి చీవాట్లు, వీటితో మనిషి విసిగిపోవడం ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన సమస్యగా లెక్కిస్తుంది. అది బ్యాంకు గుమాస్తాకీ వస్తుంది. ఇక్కడ మనం చెప్పుకునేది వేరు. విన్న సంగతి కళ్ల ముందు బొమ్మ కట్టి కదలదు. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడతారు. ఆ పిల్ల చెప్పిన గదిలో తామే ఉన్నట్టు కల వస్తుంది. మన శరీరంలో అపాయాన్ని పసిగట్టే ఏర్పాటు ఒకటి ఉంది. ఎదుటి మనిషి భయాన్ని దగ్గరగా కూర్చుని వింటున్నప్పుడు కూడా అది మేల్కొంటుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. రోజూ మేల్కొంటూ ఉంటే చివరికి నిద్రపోవడం మరచిపోతుంది. ఇది పిరికితనం కాదు, విశ్వాసలోపమూ కాదు. ఎక్స్‌రే గదిలో పనిచేసేవారు సీసం ఆప్రాన్ వేసుకోవడాన్ని ఎవరూ పిరికితనమనరు కదా.

అందరికంటే ఎక్కువగా గాయపడేది ఎవరు?

మా ఉద్దేశంలో ఎవరూ పట్టించుకోని మనిషి దుబాసి, అంటే మాటలను ఒక భాషలో నుంచి ఇంకో భాషలోకి చెప్పే వ్యక్తి. పుణె, ముంబైలలో రక్షించిన స్త్రీలలో తెలుగువారూ ఉంటారు. హైదరాబాద్‌లో దొరికినవారిలో బెంగాలీ తప్ప ఇంకో భాష రానివారుంటారు. స్టేషన్‌లోనో, బాలల సంక్షేమ కమిటీ ముందో ఆ మాటలను ఎవరో ఒకరు చెప్పాలి. చాలాసార్లు అందుకు శిక్షణ పొందినవారు దొరకరు. ఆ భాష వచ్చిన టీచరమ్మనో, నర్సునో పిలుస్తారు. "నన్ను గదిలో పెట్టి తాళం వేశారు, నన్ను కొట్టారు" అని ఆ పిల్ల అంటే, దుబాసి కూడా 'నన్ను' అనే చెప్పాలి. అదే సరైన పద్ధతి. కానీ ఆ 'నన్ను' అనే మాట నోటి నుంచి గంటసేపు వస్తూ ఉంటే, అది ఎవరి కథో మనసు మరచిపోతుంది. పని కాగానే ఒక కప్పు టీ ఇచ్చి పంపించేస్తారు. రేపు ఎలా ఉన్నారని ఎవరూ ఫోన్ చేయరు.

ఒకప్పుడు తామూ ఇదే బాధ పడి, బయటపడి, ఇప్పుడు ఇతరులకు సహాయం చేస్తున్నవారు ఇంకొందరు. బాధితులు వారిని నమ్మినంతగా ఇంకెవరినీ నమ్మరు. కనుక బరువు కూడా వారిమీదే ఎక్కువ పడుతుంది. వారికి పాత గాయం, కొత్త గాయం ఒకదాన్నొకటి కదుపుతాయి.

ఈ పనిలో మరో కష్టం ఉంది, బయటివారికి అర్థం కానిది. రక్షించిన స్త్రీ దండం పెడుతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆమె తిడుతుంది, కొరుకుతుంది, గోడ దూకాలని చూస్తుంది. తనను అమ్మినవాడినే వెనకేసుకొస్తుంది. ఎందుకంటే అప్పు తీరలేదని, ఇంట్లో చెల్లెలిని పట్టుకుపోతారని ఆమెను బెదిరించి ఉంటారు. పోలీసులు కూడా వారి మనుషులేనని నూరిపోసి ఉంటారు. వార్డెన్‌కి ఇదంతా తెలుసు. తెలిసినా, ఆరు నెలలు అన్నం పెట్టిన పిల్ల ఒక రాత్రి చెప్పకుండా వెళ్లిపోతే ఆమె పడే దుఃఖానికి ఓదార్పు లేదు. చావు ఇల్లయితే పదిమంది వస్తారు. దీనికి ఎవరు వస్తారు?

పని ఒక్కసారిగా వచ్చిపడటం కూడా ఉంది. తెలంగాణలో 2015 నుంచి పోలీసులు జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేరిట పిల్లలను వెతికి రక్షిస్తున్నారు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజులు తయారుచేసే గదుల నుంచి బీహార్ పిల్లలు వందల సంఖ్యలో బయటపడ్డారు. 2018లో యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పసిపిల్లలను తీసుకొచ్చారు. ఇలాంటి వార్త మనం పేపర్లో ఒక రోజు చదివి పక్కన పెడతాం. పిల్లలకు స్నానం చేయించి, బట్టలిచ్చి, రాత్రి ఏడ్చినవారిని పడుకోబెట్టినవారు అలా పక్కన పెట్టలేరు.

ఇంట్లోవారు ఏం గమనించాలి?

ఇంతకుముందు లేని మార్పులు చూడండి. సొంత కూతురిని ట్యూషన్‌కి కూడా ఒంటరిగా పంపకపోవడం, ప్రతి ఆటో డ్రైవరునూ, చివరికి సొంత బంధువులనూ అనుమానించడం. భార్యాభర్తల మధ్య దగ్గరతనం అంటేనే ముడుచుకుపోవడం. దీని గురించి ఎవరూ నోరు విప్పరు, కాబట్టి మేమే రాస్తున్నాం. ఇంట్లో పెళ్లి జరుగుతున్నా సంతోషం అనిపించకపోవడం. దీనికి పూర్తిగా విరుద్ధంగా, హోమ్‌ని వదల్లేకపోవడం కూడా లక్షణమే. సెలవు రోజు కూడా వెళ్లడం, జీతం డబ్బులు అక్కడే ఖర్చు పెట్టడం, "నేను లేకపోతే ఆ పిల్ల ఏమైపోతుందో" అని అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూర్చోవడం. మగవారిలో, ముఖ్యంగా పోలీసులలో, డ్రైవర్లలో ఇది తాగుడుగానో, కోపంగానో బయటపడుతుంది.

"ఏం జరిగిందో చెప్పు" అని మాత్రం అడగకండి. ఆమె చెప్పకూడదు. లైంగిక నేరాల బాధితుల పేరు, వివరాలు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. పిల్లల విషయంలో పోక్సో చట్టం ఇంకా గట్టిగా ఉంది. మంచి కార్యకర్తలు ఈ నియమాన్ని ప్రాణంగా చూసుకుంటారు. అయితే ఇక్కడే ఒక చిక్కు వస్తోంది. రహస్యం అంటే మొత్తానికే మాట్లాడకూడదని వారు అనుకుంటున్నారు. అలా కాదు. ఆ పిల్ల కథ రహస్యం. ఈమె బాధ రహస్యం కాదు. "ఈరోజు విన్నది చాలా కష్టంగా ఉంది, ఇంకా ఒళ్లు వణుకుతోంది, నా పక్కన కాసేపు కూర్చో" అని చెప్పడం ఏ నియమానికీ విరుద్ధం కాదు. ఈ తేడా తెలిస్తే సగం ఒంటరితనం పోతుంది. మీరు కూడా "ఏమైంది?" అనే బదులు "తిన్నావా అమ్మా? నిద్ర పడుతోందా?" అని అడగండి. మౌనంగా ఉంటే ఉండనివ్వండి. "ఆ ఉద్యోగం మానేయ్" అని ఆ రోజే అనకండి. "ప్రార్థన తక్కువైంది" అని అసలే అనకండి.

హోమ్‌లు నడిపేవారికి ఒక మాట

యోగా చేయండి, నడవండి, పాటలు వినండి అని కార్యకర్తకు చెప్పి చేతులు దులుపుకోవడం మాకు నచ్చదు. అవి మంచివే. కానీ ఒకే వార్డెన్ ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటూ, నెలకు ఒక్క ఆదివారం కూడా ఇంటికి వెళ్లలేకపోతుంటే నడక ఏం చేస్తుంది? 'సేవ' అనే మాట చెప్పి సెలవు ఎగ్గొట్టడం మన సంస్థల్లో ఉన్న అలవాటు. అది మారాలి. కొత్తగా వచ్చినవారి మాటలు వినే పని ఒక్కరి మీదే వేయకుండా వంతులు వేయాలి. పదిహేను రోజులకొకసారైనా అనుభవమున్న మనిషితో కూర్చుని కేసుల గురించి మాట్లాడుకునే వీలుండాలి. ఆ అనుభవమున్న మనిషి జీతం కోసేవారో, తప్పులు రాసేవారో కాకూడదు. సాటి ఉద్యోగికి ఘోరమైన సంగతి చెప్పే ముందు "ఇప్పుడు వినగలవా?" అని అడగడం, అవసరం లేని వివరాలు వదిలేయడం అలవాటు చేయాలి. ఫైలు మొత్తం అందరూ చదవాల్సిన పని లేదు. వంటామెకు ఆ పిల్లకు ఏం పడదో తెలిస్తే చాలు.

సంఘాలకు కూడా చెప్పాలి. చందాల కూడికల్లో కార్యకర్తను నిలబెట్టి, "ఆ అమ్మాయికి ఏం జరిగిందో సాక్ష్యం చెప్పండి" అంటున్నారు. వినేవారు కన్నీళ్లు పెట్టుకుని కవర్లో డబ్బు వేసి వెళ్తారు. చెప్పినామె ఆ రాత్రంతా మేలుకుంటుంది. ఎన్ని దుప్పట్లు కావాలి, కుట్టు మిషన్లు ఎన్ని, లాయరు ఖర్చు ఎంత అని అడిగితే సరిపోతుంది కదా.

ఘోరమైన రోజు తర్వాత ఏం చేయాలి?

వెంటనే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చూసినదంతా చెప్పించడం ఒకప్పుడు మంచి పద్ధతి అనుకునేవారు. ఇలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ రాకుండా ఆగదని, కొందరికి చెరుపే జరగవచ్చని తర్వాత పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా బలవంతంగా చెప్పించవద్దనే అంటుంది. వేడి అన్నం, స్నానం, ఇంటికి దిగబెట్టే బండి, తోడుగా ఒక మనిషి, మర్నాడు ఆలస్యంగా వచ్చే అనుమతి. చెప్పాలనిపిస్తే వినడం.

చాలామందికి కొన్ని వారాల్లో తేలికపడుతుంది. కలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే, పని మీదికి వెళ్లాలంటేనే కాళ్లు రాకపోతే, తాగుడు మొదలైతే డాక్టరును కలవాలి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనుక్కోకండి, వాటికి అలవాటు పడటం తేలిక, మానడం కష్టం. ఈ గాయానికి ప్రత్యేకమైన మాటల చికిత్సలు ఉన్నాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి. చాలామంది కోలుకుని మళ్లీ అదే పనికి వెళ్తారు. కొందరు వేరే పనికి మారతారు, అందులో తప్పేమీ లేదు. చికిత్సలో బాధితురాలి పేరు గాని, ఊరు గాని చెప్పనక్కరలేదు. మేమూ అడగం.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు, దగ్గరలోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకురండి. రాలేని పరిస్థితి ఉంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలీ మానస్' 14416 నంబరుకు ఫోన్ చేయండి. రాత్రయినా పగలయినా పలుకుతారు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.