ధర మారే గీత: పుదుచ్చేరి పటం, ఒక వీడియో గేమ్ లెక్క

ఈ పాఠానికి కావలసినవి మూడే: ఒక పుదుచ్చేరి పటం, గుప్పెడు చింతపిక్కలు, ఒక గురివింద గింజ. పిక్కల పని చివర వస్తుంది. ముందు పటం తెరవండి.

సముద్రపు ఒడ్డున ఉన్న పాత పట్టణం చూడండి. వీధులు చదరంగపు గళ్ళలా ఉంటాయి. మధ్యలో ఉత్తర దక్షిణాలుగా ఒక కాలువ. ఫ్రెంచివారి కాలంలో కాలువకు తూర్పున తెల్లవారి పట్టణం, పడమట తమిళుల పట్టణం. డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై ఇల్లు ఈ పడమటి వైపునే ఉంది. ఛందస్సు చదివినవారికి ఆయన పేరు పరిచయమే. కస్తూరి రంగకవి రాసిన ఆనందరంగరాట్ఛందము ఆయనకు అంకితమైనదే. పిళ్ళై 1736 నుంచి చాలా ఏళ్ళు దినచర్య రాశాడు. ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు దిగింది, ఎవరు ఎవరికి బాకీ అన్నవి అందులో కనిపిస్తాయి. ఒక ఊళ్ళో చవకైనది మరో ఊళ్ళో ప్రియం కావడమే ఆయన జీవనాధారం. ఆ మాటకొస్తే వర్తకమంటేనే అది.

ఇప్పుడు పటంలో కొంచెం పైకి వెళ్ళండి. పట్టణం నుంచి తీరం రోడ్డు మీద కాలాపేట్‌లోని విశ్వవిద్యాలయానికి బస్సు ఎక్కారనుకోండి. ముత్తియాల్‌పేట దాటగానే కోట్టకుప్పం వస్తుంది. అది తమిళనాడు, విల్లుపురం జిల్లా. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ పుదుచ్చేరి. తరగతికి వెళ్ళే పిల్లవాడు తెలియకుండానే రాష్ట్ర సరిహద్దును రెండుసార్లు దాటతాడు. అడ్డంగా నది లేదు, కొండ లేదు. ఒక దుకాణం దగ్గర గీత మొదలవుతుంది, పొలం గట్టు మీద ముగుస్తుంది. పుదుచ్చేరి భూభాగం ఒకే ముక్క కాదు. తమిళనాడు మధ్యలో చెదిరిన ముక్కలు. ఇవి కాక తమిళనాడులోనే కారైకాల్, కేరళ పక్కన మాహే, మన గోదావరి ఒడ్డున యానాం.

ఈ పటం గురించి చెబుతుండగా ఒకసారి ఒక కళాశాలలో వెనక బెంచీ కుర్రవాడు లేచి, "సార్, ఒక పేటలో కొని ఇంకో పేటలో అమ్మితే లాభం అని మా ఫోన్ ఆటలో ఉంది. నిజంగా కూడా అంతేనా?" అని అడిగాడు. అలాంటి ఆటలు ఆడకూడదని చెప్పి కూర్చోబెట్టాను. అతడు అడిగింది అది కాదు. అతడు అడిగింది లెక్క. ఆ జవాబు ఇన్నాళ్ళకు ఇక్కడ ఇస్తున్నాను.

అతడు చెప్పిన ఆట పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో: చైనాటౌన్ వార్స్. 2009లో మొదట నింటెండో డీఎస్ అనే చేతి యంత్రానికి వచ్చింది, తరువాత ఫోన్లలోకి చేరింది. అది 17, 18 ఏళ్ళు నిండినవారికే అని దాని పెట్టె మీదే ఉంటుంది; ఇంటింటా ఆ మాట ఎంత చెల్లుతుందో మీకే తెలుసు. కథ జరిగేది లిబర్టీ సిటీ అనే కల్పిత నగరంలో. న్యూయార్క్‌ను చూసి గీసిన నగరమది. నీళ్ళు, వంతెనలు దానిని భాగాలుగా విడదీస్తాయి. ఆటగాడు ఎటైనా తిరగవచ్చు. అందుకే ఇలాంటి వాటిని ఓపెన్ వరల్డ్ ఆటలంటారు. వీధుల్లో మత్తు సరుకు వ్యాపారులుంటారు. సరుకు ఆరు రకాలు. ఒక్కో పేటలో ఒక్కో ధర. ఫలానా చోట ఫలానాది చవకగా ఉందని అప్పుడప్పుడు సందేశం వస్తుంది. అక్కడ కొని, గిరాకీ ఉన్న చోట అమ్మాలి. దారిలో పోలీసులకు చిక్కితే సరుకు పోతుంది. ఈ తరహాకు పూర్వరూపం 1984లో జాన్ డెల్ రాసిన డ్రగ్ వార్స్ అనే చిన్న కంప్యూటరు ఆట. అందులో బొమ్మలు కూడా లేవు, అంకెలే. న్యూయార్క్ పేటల పేర్లు, ధరల పట్టిక, తీర్చవలసిన వడ్డీ బాకీ, అంతే.

ధరల తేడాతో లాభం తీయడాన్ని అర్థశాస్త్రంలో ఆర్బిట్రేజ్ అంటారు. ఆటలో ఆ తేడాను కంప్యూటరు పాచికలు వేసినట్టు పుట్టిస్తుంది. బయట తేడా ఎలా పుడుతుంది? తరచుగా చట్టం వల్ల, పన్ను వల్ల. పుదుచ్చేరి చరిత్ర దీనికి మంచి ప్రయోగశాల.

1941లో బ్రిటిష్ ఇండియాకు, ఫ్రెంచి స్థావరాలకు మధ్య కస్టమ్స్ ఒప్పందం కుదిరింది. రెండు వైపులా సుంకాలు ఒకటైతే గీతకు విలువ లేదు. స్వాతంత్ర్యం తరువాత 1949లో ఆ ఒప్పందం ముగిసింది. భారతదేశంలో బంగారం దిగుమతి మీద కట్టడి ఉంది, ఫ్రెంచి గీత లోపల అంత కట్టడి లేదు. వెంటనే బంగారం, వజ్రాలు గీత దాటడం మొదలైంది, చుట్టూ తనిఖీ కేంద్రాలు వెలిశాయి. పట్టణం మారలేదు, మనుషులు మారలేదు. ఒక కాగితం రద్దయింది. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ తేడా కరిగింది, దానితోపాటు ఆ దొంగ వ్యాపారానికి ఆధారం పోయింది.

యానాం వైపు వారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి యానాంలో అది చెల్లదు గనుక, చుట్టుపక్కల తెలుగువారు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి పెళ్ళిళ్ళు చేశారు. ఊరికి కళ్యాణపురమని పేరు కూడా పడింది. గీత దాటించేది సరుకే కానక్కరలేదన్నమాట. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం వచ్చినప్పుడు కూడా యానాంలో ఆ చట్టం లేదు. 1997లో నిషేధం ఎత్తేసేదాకా ఆ చిన్న ఊరు ఎందుకు కిటకిటలాడిందో ఊహించుకోవచ్చు.

2017 జులై 1న జీఎస్‌టీ వచ్చాక చాలా వస్తువులకు దేశమంతా ఒకే పన్ను. మద్యం, పెట్రోలు మాత్రం దాని పరిధిలోకి రాలేదు. అందుకే తమిళనాడు వాహనాలు పుదుచ్చేరిలో ట్యాంకు నింపుకుంటాయి. కాకినాడ వైపు వాహనాలు యానాంలో ఆగుతాయి. ఇందులో నేరమేమీ లేదు. మద్యం సీసాలు సంచిలో పెట్టుకుని చెక్‌పోస్టు దాటించడం మాత్రం నేరమే. 2020లో కోవిడ్ సమయంలో పుదుచ్చేరి ప్రభుత్వం మద్యంపై ప్రత్యేక పన్ను వేసి ధరలను తమిళనాడు స్థాయికి తెచ్చింది, పొరుగువారు గుంపులుగా రాకూడదని. ధరల తేడా లేకపోతే సరిహద్దు దాటే పని ఉండదని ప్రభుత్వానికీ తెలుసు.

ఇక లెక్క. గీతకు ఇటు 100 రూపాయలు, అటు 160 రూపాయలు అనుకుందాం. దాటిస్తే లాభం 60. పట్టుబడితే సరుకు పోతుంది, నష్టం 100. ఆటలో జరిగేది సుమారుగా ఇదే. కాసేపటికి ఆటగాడు మళ్ళీ వీధిలో ఉంటాడు. అయిదింట ఒకసారి పట్టుబడ్డాడనుకోండి. సగటున 60లో 0.8 వంతు 48, అందులోంచి 100లో 0.2 వంతు 20 తీసేస్తే, ప్రతి ప్రయాణానికి 28 మిగులు. లాభనష్టాలు సమానమయ్యే చోటు 60ని 160తో భాగిస్తే వస్తుంది: 37.5 శాతం. అంటే మూడింట ఒకసారి చిక్కినా ఆటగాడు గెలుస్తూనే ఉంటాడు. ఆ కుర్రవాడికి ఆటలో లాభం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నష్టం దగ్గర 100 కొట్టేసి, బండి జప్తు, జామీను, వకీలు ఖర్చు కలిపి 1000 వేయండి. సమానమయ్యే చోటు 60ని 1060తో భాగిస్తే 5.7 శాతం లోపే. పదిహేడింట ఒకసారి చిక్కినా నష్టమే. జైలులో గడిచే ఏళ్ళకు రూపాయల్లో ఏ అంకె వేయాలో నాకు తెలియదు, కాబట్టి వేయలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం. శిక్ష 10 నుంచి 20 ఏళ్ళు.

మరి అయినా ఈ వ్యాపారం ఎలా నడుస్తోంది? ఆట చూపించని అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆటలో కొనేవాడు, మోసేవాడు, అమ్మేవాడు ఒక్కడే. బయట సరుకు యజమాని వేరు, మోసేవాడు వేరు. మోసేవాడు తరచుగా మీ వయసువాడే. ఫీజు కట్టాలనో, ఫోను కొనాలనో ఒప్పుకున్నవాడు. ఒక యజమాని 100 మందిని పంపాడు, నూటికి 5 మంది చిక్కుతారు అనుకుందాం. 95 మంది తెచ్చిన లాభం 5700. పోయిన సరుకు 500. తలకు 10 చొప్పున ముందే ఇచ్చిన కూలి 1000. మిగులు 4200. చిక్కిన అయిదుగురు ఆ పద్దులో 500 రూపాయల ఖర్చు. రేపు మరో అయిదుగురు వస్తారు.

మోసేవాడి వైపు నుంచి చూడండి. ఒక ప్రయాణంలో తప్పించుకునే అవకాశం 95 శాతం, బాగానే ఉంది. వరసగా 10సార్లు తప్పించుకోవాలంటే 0.95ను పదిసార్లు హెచ్చవేయాలి: 60 శాతం. 20 ప్రయాణాలకు 36 శాతం. 50కి 8 శాతం కూడా లేదు. యజమాని సగటు నూరు మంది మీద వస్తుంది, కుర్రవాడి సగటు అతడొక్కడి రోజుల మీద రావాలి. చిక్కిన రోజున అతడి వరస ఆగిపోతుంది. సంభావ్యతలో ఇవి రెండూ వేరువేరు సగటులు. పెద్దవాళ్ళు కూడా వీటిని కలిపేసి మోసపోతుంటారు.

ఆటలో లేనిది ఇంకొకటి ఉంది: కొన్నవాడి శరీరం. సరుకు అమ్ముడవగానే కొన్నవాడు తెర మీద నుంచి మాయమవుతాడు. 2023 మే నెలలో పుదుచ్చేరికి ఉత్తరాన తీరం వెంబడి మరక్కాణం పరిసరాల్లోనూ, పక్కనున్న చెంగల్పట్టు జిల్లాలోనూ కల్తీ సారా తాగి 20 మందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా. రెండు చోట్లా విషం మిథైల్ ఆల్కహాలు, కర్మాగారాల్లో వాడే ద్రావణి. చూపుకు అది మామూలు ఆల్కహాలులాగే ఉంటుంది, వాసన కూడా దగ్గరదే. కాలేయంలో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దానిని ఫార్మాల్డిహైడుగా మారుస్తుంది; అది ఫార్మిక్ ఆమ్లమవుతుంది. ఈ ఆమ్లం కంటి నాడిని దెబ్బతీస్తుంది, రక్తాన్ని ఆమ్లపూరితం చేస్తుంది. లక్షణాలు బయటపడడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. ఈలోగా తాగినవాడు బాగానే ఉన్నాననుకుని ఇంటికి పోతాడు. చూపు మసకబారినట్టు, మంచు కురిసినట్టు ఉందని ఎవరైనా అంటే నిద్రపుచ్చకండి, వెంటనే ఆస్పత్రికి చేర్చండి. ఆ ఎంజైమును ఆపే మందు ఉంది, రక్తశుద్ధి కూడా చేస్తారు. ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు.

పన్ను కట్టిన సీసాకు ఒక లేబులు, ఒక కర్మాగారం పేరు, పరీక్ష చేసిన ఒక ప్రయోగశాల ఉంటాయి. గీత చాటున వచ్చిన డబ్బాకు అవి ఉండవు. అందులో ఏముందో దారి పొడుగునా ఎవరికీ తెలియదు, మోసినవాడికి కూడా.

ఇక చింతపిక్కలు తీయండి. ఒక గుడ్డ సంచిలో 19 పిక్కలు, 1 గురివింద గింజ వేయండి. తరగతిలో 40 మంది ఉంటే అందరూ నిలబడండి. ఒక్కొక్కరు చూడకుండా ఒక గింజ తీసి మళ్ళీ సంచిలో వేయాలి. గురివింద వచ్చినవారు కూర్చోవాలి, ఇక లేవకూడదు. అందరూ తీశాక ఒక వరస అయినట్టు. తొలి వరసలో సుమారు ఇద్దరు కూర్చుంటారు, ఎవరూ పట్టించుకోరు. అలా 20 వరసలు కానివ్వండి. లెక్క ప్రకారం చివరికి నిలబడి ఉండేది 14 మంది. మీ తరగతిలో 11 కావచ్చు, 18 కావచ్చు. ప్రతి వరసకూ నిలబడ్డవారి సంఖ్య గ్రాఫు కాగితం మీద గుర్తించండి. గీత ఎలా వంగిందో చూడండి. ఆ తరువాత కూర్చున్నవారి పేర్లు పలక మీద రాసి, ఇదంతా మళ్ళీ మొదటి నుంచి చేయండి. రెండోసారి వచ్చే పేర్ల జాబితాను మొదటి దానితో పోల్చి చూడండి.