గీతలు నిండుగున్నా నెట్ ఎందుకు తిరుగుతది?

ఇంట్ల మెష్ వైఫై పెట్టుకున్నంక గూడ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ నడిమిట్ల ఆగిపోతే అందరం నెట్ కంపెనోళ్లనే తిడ్తం. తిట్టే ముంగట లాప్‌టాప్‌ను మెయిన్ రూటర్‌కు లాన్ వైరుతోని కలిపి స్పీడ్ సూడుండ్రి. ఆడ్నే తక్కువొస్తే తప్పు లైన్‌దే, కంప్లైంట్ ఇయ్యుండ్రి. ఆడ మంచిగొస్తే లొల్లి మనింట్లనే ఉన్నది.

శానమంది రెండో డబ్బను సిగ్నల్ రాని అర్రలనే పెడ్తరు. అది సొంతంగ నెట్ పుట్టియ్యదు, మొదటిదాని కాడికెల్లి అందుకొని ముంగటికి పంపుతది. దానికే అందకుంటె మనకేమిస్తది? ఫోన్ల గీతలు నిండుగనే కనవడ్తయి గని, అవి ఫోన్‌కు పక్కనున్న డబ్బకు నడుమ సిగ్నల్‌వి. అందుకే మొదటి డబ్బ సిగ్నల్ ఇంక గట్టిగున్న జాగల, నడిమిట్ల పెట్టాలె. స్లాబు, రాతిగోడ, ఇనుప బీరువ అడ్డమొస్తే 5 గిగాహెర్ట్జ్ జల్ది పడిపోతది. 2.4 దూరం పోతది గని స్పీడ్ తక్కువ.

రెండు బ్యాండ్ల డబ్బలైతే తెచ్చుకునుడు, ఇచ్చుడు ఒక్క దారిలనే నడుస్తది, స్పీడ్ సగం దాక తగ్గుతది. మూడో డబ్బ కొనేకంటె ఆ రెండిటికి నడుమ లాన్ వైరు గుంజుడు మేలు. డబ్బలమ్మెటోడు గీ ముచ్చట జెప్పడు. కరెంటు పోయినప్పుడల్ల ఆగుతుంటె చిన్న యూపీఎస్ పెట్టుండ్రి, రూటర్‌కే గాదు, ఫైబర్ డబ్బకు గూడ.