పోర్చుగల్ వైను రుచి పరీక్ష: ప్రయాణములో రైతు గమనింపదగిన విషయములు

మనూర్, నారాయణఖేడ్ ప్రాంతపు రైతు కుటుంబములలో పిల్లలు చదువులకును, కొలువులకును విదేశములకు పోవుట నేడు వింత కాదు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు తిరుగు ప్రయాణములో నాలుగు ఊళ్ళు చూచి వచ్చుటయు కలదు. అట్టివారికి పోర్చుగల్ దేశమున పోర్టో పట్టణములో తటస్థపడు వేడుక ఒకటున్నది. పట్టణమున కెదురుగా, డౌరో నదికి దక్షిణపు ఒడ్డున, విలా నోవా ద గాయా అను ఊరు గలదు. పెద్ద పెద్ద వైను కొట్లు అన్నియు అచ్చటనే వరుసగా నున్నవి. రుసుము చెల్లించినవారిని లోపలికి తీసికొనిపోయి, ముప్పావుగంటలో పీపాలన్నియు చూపి, చివరకు మూడు గ్లాసులలో కొంచెము కొంచెము పోసి రుచి చూపి పంపుదురు.

త్రాగుమని ప్రోత్సహించుట ఈ వ్యాసము పని కాదు. ఒక మెట్ట ప్రాంతపు రైతులు, రాళ్ళగుట్టల మీద పండించిన పండును ఏ విధముగా పేరుగల సరుకుగా చేసిరో, ఆ పేరు వారికి ఏమి ఇచ్చెనో, ఏమి ఇయ్యలేకపోయెనో తెలిసికొనుటకు ఆ ముప్పావుగంట పనికివచ్చును. ఒక్క గుక్కయు త్రాగకుండ కూడ అది తెలిసికొనవచ్చును.

ముందుగా వైను అన నేమో చూడుడు. మనవారు దానిని సారా అని ఒక్కమాటలో చెప్పుదురు గాని అది సరికాదు. సారా కాచి దించినది. కల్లు తనంత తాను పులిసినది. వైను కల్లు జాతిది. ద్రాక్షరసములోని చక్కెరను, పండు తోలుమీదను, కొట్టు గాలిలోను ఉండు ఈస్టు అను సూక్ష్మజీవులు తిని, ఆ చక్కెరను మద్యముగాను బొగ్గుపులుసు గాలిగాను మార్చును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర ఉన్నచో నూటికి ఒక పాలు మద్యము వచ్చును. పోర్టు వైనుకు కోయు పండ్లలో లీటరుకు 240 గ్రాముల వరకు చక్కెర ఉండును గనుక, చివరివరకు పులియనిచ్చిన నూటికి 14 పాళ్ళు మద్యము గల వైను అగును.

అయితే పోర్టు వైనును చివరివరకు పులియనీయరు. సగము చక్కెర మిగిలియుండగానే ద్రాక్షనుండి కాచిన సారాను అందులో పోయుదురు. ఈ సారా నూటికి 77 పాళ్ళ బలము గలది. రమారమి 435 లీటర్ల పులియుచున్న రసమునకు 115 లీటర్లు పోయగా 550 లీటర్ల పీపా ఒకటి నిండును. ఆ ఘాటుకు ఈస్టు చచ్చును. మిగిలిన చక్కెర మిగిలినట్లే నిలిచిపోవును. కాబట్టి పోర్టు వైను కల్లులో సారా కలిపినట్టి వస్తువు: తీపియు ఉండును, మద్యము నూటికి 19 మొదలు 22 పాళ్ళ వరకును ఉండును. తీపి చూచి పానకమువంటి దనుకొన్నవారు ఇచ్చట మోసపోవుదురు. ఒక్కొక్క గ్లాసులో 50 మిల్లీలీటర్లు చొప్పున మూడు గ్లాసులు త్రాగినచో, ఒక పెద్ద బీరు సీసా త్రాగినంత మద్యము కడుపులోనికి పోయినట్లే. పరగడుపున పోరాదు. మధుమేహమునకు మందులు వాడువారును, తరువాత బండి నడుపవలసినవారును త్రాగరాదు. నోటిలో పోసికొని, పుక్కిలించి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయుట అచ్చట తప్పు కాదు. వృత్తిగా రుచి చూచువారు అందరును అట్లే చేయుదురు.

ఇక పరీక్ష జరుగు తీరు. వక్క, జర్దా, పొగాకు ఆ పూట మానవలెను. అత్తరు పూసికొని పోరాదు. అది ప్రక్కవారి ముక్కును కూడ చెరచును. గ్లాసును కాడ దగ్గర పట్టుకొని, తెల్లకాగితము మీదికి వంచి అంచున రంగు చూడుడు. తరువాత మెల్లగా గిరగిర త్రిప్పి వాసన చూడుడు. చివరకు ఒక చెంచాడు నోటిలోనికి తీసికొని నాలుక అంతటను పరచుడు. తీపి, పులుపు, వగరు మూడును విడివిడిగా తెలియును. సాధారణముగా తెల్ల పోర్టు మొదట, తరువాత రూబీ అను ఎర్రనిది, చివరకు టానీ అనునది ఇత్తురు. రూబీని గాలి తగులకుండ పెద్ద తొట్లలో ఉంచుదురు గనుక ఎరుపు చెడదు. నేరేడు పండు రుచియు, నాలుకను పట్టు వగరును ఉండును. టానీని చిన్న కొయ్యపీపాలలో సంవత్సరముల తరబడి ఉంచుదురు. కొయ్య సందులగుండ గాలి తగిలి ఎరుపు పోయి పాత బెల్లపు పాకము రంగు వచ్చును. వగరు తగ్గి ఎండు ఖర్జూరము, అక్రోటు పప్పు వాసన వేయును.

మార్గదర్శకుడు ఏవేవో పండ్ల పేర్లు చెప్పి, ఆ వాసన వచ్చుచున్నదా అని అడుగును. వానిలో చాల పండ్లు మీరు ఎన్నడును తినినవి కావు. సంకోచింపక మీకు తోచిన పేరు చెప్పుడు: చింతపండు గుజ్జు అని గాని, ఎండిన రేగుపండు అని గాని. బెల్లము దిమ్మ విరిచి వాసన చూచి పాకము మాడినదో లేదో చెప్పగలవాడు, కందిగింజ కొరికి తేమ ఎంత ఉన్నదో చెప్పగలవాడు ఈ విద్యకు క్రొత్తవాడు కాడు.

టానీ ధర అడిగిన ఆశ్చర్యపోవుదురు. సీసా మీద 10, 20, 30, 40 సంవత్సరములని వ్రాసియుండును. పీపాలో ఉన్న వైను ఏటా నూటికి సుమారు రెండు పాళ్ళు ఆవిరిగా పోవునని లెక్కించినచో, 20 ఏండ్లకు మూడవ వంతు సరుకు గాలిలో కలిసినట్లగును. పెట్టుబడి, ఆ కాలమంతయు కొట్టు అద్దె, పీపా మరమ్మతు అదనము. పాత బియ్యమునకు ఎక్కువ ధర ఏల ఇచ్చుచున్నామో తెలిసినవారికి దీనిని వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ లాభము నిలువ చేయగలవానిది. పండు కోసి అదే రోజు అమ్ముకొనవలసిన రైతుది కాదు.

ఈ సంగతిని మార్గదర్శకుడు తనంత తాను చెప్పడు. అడుగవలెను. ద్రాక్ష ఎచ్చట పండినది? గాయాలో పండలేదు. డౌరో నదివెంట లోపలికి పోయిన వచ్చు ఎత్తైన కొండవాలులలో పండినది. ఆ నేల పలకరాయి పగిలి ఏర్పడినది. పలకల సందులలో వేళ్ళు లోతుగా దిగి వానకాలపు తేమను వేసవికి దాచుకొనును. వానలు చలికాలమందు పడును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు రోజులుండును. కొండలను రాతికట్టలతో మెట్లు మెట్లుగా కట్టి తోటలు వేసిరి. ఈ కట్టలను చూచియే యునెస్కో 2001 లో ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. పూర్వము పీపాలను అడుగు వెడల్పైన పడవలలో నదిమీదుగా గాయాకు దింపెడివారు. 1986 వరకు ఎగుమతి అంతయు గాయా కొట్లగుండనే పోవలసియుండెను. ఆ సంవత్సరము తరువాతనే తోటగల రైతు తన సీసాను తానే విదేశములకు పంపు దారి తెరచుకొన్నది.

ఆ లోయకు ఎల్ల గీచిన కథ మన కంది రైతులు వినదగినది. 18వ శతాబ్దమున ఇంగ్లండులో ఈ వైనుకు గిరాకి పెరుగగా, కల్తీయు పెరిగినది. ఎక్కడెక్కడి వైనునో తెచ్చి, ఎల్డర్ అను పొద పండ్ల నల్లని రసముతో రంగు వేసి అమ్మసాగిరి. పేరు చెడి ధరలు పడిపోయినవి. 1756 లో పోర్చుగల్ మంత్రి పోంబాల్ ఒక కంపెనీని స్థాపించి, మంచి వైను పండు భూములకు హద్దు నిర్ణయించి, నల్లరాతి కంబములు పాతించెను. ఎల్డర్ పొదలను పెరికివేయించెను. ఆ కంబములు కొన్ని నేటికిని తోటలలో నిలిచియున్నవి. ఇదంతయు సాఫీగా జరుగలేదు. కంపెనీకి ఇచ్చిన గుత్తాధికారమునకు కోపించి 1757 లో పోర్టో ప్రజలు తిరుగబడగా, పలువురిని ఉరితీసిరి. హద్దులోపల పడిన భూస్వాములు బాగుపడిరి. హద్దు బయట పడిన చిన్నరైతుకు అదే ద్రాక్షకు ధర లేకపోయెను.

మన దగ్గర తాండూరు కందికి 2022 లో భౌగోళిక గుర్తింపు లభించినది. మనూర్ నల్లరేగడిలో పండిన కంది బాగుగానే ఉండవచ్చును గాని, తాండూరు పేరుతో అమ్ముటకు వీలులేదు. మన ఎడ్లబండి ఏ మార్కెటుకు పోయినను బస్తా మీద ఏ ఊరి పేరు ఉండవలెనన్నది ఇకముందు అడుగుదురు. పేరు కావలెనన్న, విత్తనము, నేల, శుభ్రపరచు పద్ధతి, తూకము అన్నియు ఊరంతయు ఒకటిగా నిలుపవలెను. పోర్చుగల్‌లో ఆ పని చూచుటకు 1933 లో ఒక సంస్థను పెట్టిరి. దాని వారసత్వ సంస్థయే నేటికిని ప్రతి పోర్టు వైనును పరీక్షాశాలలో పరీక్షించి, రుచి చూచు నిపుణుల ఎదుట పెట్టి, సరియైనచో సీసా మెడకు ముద్రకాగితము ఇచ్చుచున్నది. మీ ఎదుటనున్న సీసా మెడమీద ఆ కాగితమున్నదా అని చూడుడు. గోవాలో పోర్టు వైను అను పేరుతో అమ్ముడగు తీపి వైను ఈ లోయది కాదు.

పేరుండినను రైతు కష్టము తీరునను భ్రమ వలదు. డౌరోలో ప్రతి తోటకును వాలు, ఎత్తు, నేల, తీగల వయస్సు లెక్కించి మార్కులు వేసి తరగతి నిర్ణయించుదురు. ఆ తరగతిని బట్టి, ఏ రైతు పండులో ఎంత భాగము పోర్టుగా చేయవచ్చునో ఏటేటా చెప్పుదురు. ఆ భాగమునకే మంచి ధర. మిగిలిన పండు మామూలు వైనుకు పోవును. ధర చాల తక్కువ. ప్రపంచములో త్రాగుడు తగ్గుటచేత ఈ అనుమతి 2022 లో 116 వేల పీపాలుండగా, 2024 నాటికి 90 వేలకు దిగినది. ఆ యేడు కొనువారు లేక పండు తీగమీదనే విడిచిన రైతులున్నారు. 270 ఏండ్ల పేరు గల చోటనే ఇట్లున్నది.

ఇట్టి యాత్ర చేసి వచ్చినవారికి, మనమును వైను ద్రాక్ష వేయరాదా అను కోరిక కలుగుట సహజము. తొందరపడవలదని మా సలహా. హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు పెద్ద పేరు గన్న అనాబ్‌-ఎ-షాహి తినుటకు తగిన పండు. పందిరిమీద ఎకరాకు సగటున 14 టన్నులు కాయును. కాని గింజకు నీరెక్కువ, తోలు పలుచన, చక్కెర నూటికి 14 మొదలు 16 పాళ్ళే. దానిని పులియబెట్టిన నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్ళ పలుచని వైను అగును. వైను రకముల గింజ చిన్నది, తోలు మందము. రంగు, వగరు ఆ తోలులోనే ఉండును. డౌరోలో పోర్టు పండునకు ఎకరాకు మూడు టన్నులకు మించి అంగీకరింపరు. మూడు టన్నులు కోసి ఖర్చు గిట్టవలెనన్న కిలో ధర ఎంత ఉండవలెనో కాగితము మీద వేసి చూచుకొనుడు. అంత ధరకు కొందుమని ముందుగా వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న కర్మాగారము లేనిదే ఒక్క తీగయు నాటరాదు. సొంతముగా వైను చేసి అమ్ముటకు 1968 నాటి అబ్కారీ చట్టము ప్రకారము లైసెన్సు ఉండితీరవలెను.

నేల సంగతి వేరు. మంజీర పరిసరముల బరువైన నల్లరేగడిలో నీరు నిలిచిన ద్రాక్ష వేరు కుళ్ళును. ఉప్పునీటి బోరు ఉన్న ఆకులు అంచులనుండి మాడును. మహారాష్ట్ర రైతులు డాగ్‌రిడ్జ్ అను అడవిజాతి వేరుమొక్కపై అంటు కట్టి ఈ బాధను కొంత తప్పించుకొనుచున్నారు. మన దేశములో వైను తోటలు చూడదలచినవారు పోర్చుగల్ దాక పోనక్కరలేదు, నాసిక్ పోవచ్చును. సలహాకు రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధనా స్థానము, పుణె దగ్గర మంజరిలోని జాతీయ ద్రాక్ష పరిశోధనా కేంద్రము ఉన్నవి.

చివరగా ఒక ముఖ్యమైన హెచ్చరిక. తోటలు చూచినప్పుడు చక్కని తీగ కనబడగానే నాలుగు కొమ్మముక్కలు సంచిలో వేసికొనుట మన రైతులకు అలవాటు. విదేశములలో ఆ పని ఎన్నడును చేయరాదు. ఫిలాక్సెరా అను కంటికి ఆననంత చిన్న పురుగు అమెరికా ద్రాక్ష మొక్కల వెంట ఐరోపాకు వచ్చి, 1860 దశాబ్దమునుండి డౌరోతో సహా ఆ ఖండమందలి తోటల వేళ్ళను తినివేసినది. మందు ఏదియు పనిచేయలేదు. పురుగును తట్టుకొను అమెరికా వేరుమొక్కలపై ఐరోపా తీగలను అంటు కట్టి తోటలన్నిటిని మరల నాటవలసి వచ్చినది. ఆ కాలమందు డోనా అంటోనియా ఫెర్రెయిరా (1811–1896) అను వితంతువు దిక్కుతోచని పొరుగు రైతుల వైను కొని వారిని నిలబెట్టినదని నేటికిని డౌరోలో చెప్పుకొందురు. మన దేశములో 2003 నాటి మొక్కల దిగ్బంధ ఉత్తర్వు ప్రకారము, అనుమతిపత్రము లేక ఏ మొక్క, అంటు, కొమ్మ లోనికి తేరాదు. విమానాశ్రయములో పట్టుబడినచో నాశనము చేయుదురు. సీసాల విషయములో పెద్దవారికి తలకు రెండు లీటర్ల వరకు సుంకము లేకుండ అనుమతి కలదు. రకము నిజముగా కావలెనన్న పేరు, ఊరు, తోట వివరము వ్రాసికొనివచ్చి మంజరి కేంద్రమునకు తెలుపుడు. తెప్పించు దారి వారికి తెలియును.