కొత్త ఇంజన్‌కు తొందర పనికిరాదు



ఈ హాస్టల్‌లోనే పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు ఎం.టెక్. మెకానికల్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. బి.టెక్.లో ఉండగా మేం నలుగురం స్కాలర్‌షిప్ డబ్బులు పోగేసి, రేడియో కంట్రోల్ బొమ్మ పడవ కోసం చిన్న ఇంజన్ కొన్నాం. ఆత్రం కొద్దీ మొదటిరోజే చెరువులో ఫుల్ స్పీడుతో నడిపాం. కాసేపటికే పిస్టన్ పట్టేసింది. డబ్బంతా నీళ్లపాలు!

ఇది టూ స్ట్రోక్ గ్లో ఇంజన్. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడుస్తుంది. దీనికి ఇంజన్ ఆయిల్ విడిగా పోయరు. ఇంధనంలో ఉండే ఆముదమో, సింథటిక్ ఆయిలో లోపలి భాగాలను తడుపుతుంది. అవును, మన మెట్ట చేలల్లో పండే ఆముదమే! ఇంధనం తగ్గి గాలి ఎక్కువైతే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. మాకు జరిగింది అదే.

కొత్త పిస్టన్, సిలిండర్ నున్నగా కనిపించినా వాటి మీద కంటికి కనబడని గరుకు ఉంటుంది. అది మెల్లగా అరిగి, రెండూ ఒకదానికొకటి సర్దుకోవాలి. అందుకు ఇలా చేయాలి:

1. కంపెనీ పుస్తకంలో చెప్పినంత మేర నీడిల్ తెరచి, ఇంధనం ఎక్కువగా వెళ్లనివ్వాలి. పొగ బాగా రావాలి.

2. పడవను నీటిలోనే నడపాలి. ఒడ్డున నడిపితే ప్రొపెల్లర్‌కు బరువు ఉండదు, వేగం అదుపు తప్పుతుంది. చల్లబరిచే నీళ్లూ అందవు.

3. మొదటి ట్యాంకులు సగం వేగంతోనే నడపాలి. ప్రతి ట్యాంకు తర్వాత ఇంజన్ చల్లారనివ్వాలి. ఆ తర్వాత ట్యాంకుకు కొంచెం చొప్పున నీడిల్ బిగిస్తూ, మధ్యలో రెండు మూడు సెకన్లు మాత్రమే ఫుల్ స్పీడు ఇవ్వాలి.

4. ఆపాక ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ను కిందికి తేవాలి. పైన బిగుతుగా ఉండే చోట వదిలితే చల్లారాక అక్కడే ఇరుక్కుంటుంది.

ఒక హెచ్చరిక: మిథనాల్ విషం. అంటుకుంటే పగటి వెలుగులో మంట సరిగా కనిపించదు.

మా నష్టం గురించి ఫోన్‌లో చెబితే, సంతకం తప్ప చదువు రాని మా నాన్న నవ్వి, "కోడెను కొన్న రోజే బరువు బండికి కడతామా బిడ్డా?" అన్నాడు. మళ్లీ ఏడాదికి కొన్న రెండో ఇంజన్‌ను ఆయన మాట ప్రకారమే నడిపాం. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

కొత్త కాలేజీలో మొదటి నెలే మార్కులు తగ్గాయని దిగులుపడే తమ్ముళ్లూ, ఆ మాట మీకు కూడా!