తలలో గడ్డ నాడిలా కొట్టుకుంటోందా?

అమ్మాయికి తలంటుతూనో, జడ వేస్తూనో ఉంటే చేతికి మెత్తగా ఓ గడ్డ తగిలిందనుకోండి. 'కొవ్వు గడ్డేలే, ఏం చెయ్యదు' అని ఊరుకుంటాం. చాలామందికి అది నిజమే. కానీ ఓసారి దానిమీద మెల్లగా వేలుంచి చూడండి. మణికట్టు దగ్గర నాడిలా కొట్టుకుంటోందా? అయితే అది కొవ్వు గడ్డ కాకపోవచ్చు. రక్తనాళాలు చిక్కుపడి ఉండొచ్చు.

గుండె నుంచి ధమనుల్లో దూసుకొచ్చే రక్తం, వెంట్రుకల్లాంటి సన్న నాళాల్లో వేగం తగ్గించుకుని సిరల్లోకి చేరాలి. కొందరికి తల చర్మం కింద ఒకచోట ఈ సన్న నాళాలే ఉండవు. ధమని నేరుగా సిరలో కలుస్తుంది. ఆ ఒత్తిడికి సిరలు ఉబ్బి వానపాముల్లా మెలికలు తిరుగుతాయి. దీన్నే డాక్టర్లు సిర్సాయిడ్ ఎన్యూరిజం అంటారు. పుట్టుకతో రావొచ్చు, తలకి దెబ్బ తగిలాక ఎప్పటికో మొదలవ్వొచ్చు. ఈడొచ్చినప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు పెరగడమూ ఉంది. కొందరికి తలనొప్పి, చెవిలో హోరు. పెళ్లి కావాల్సిన పిల్లని జుట్టు కింద దాచేసేవాళ్లున్నారు గానీ, దాస్తే ఆగేది కాదిది.

మామూలు కంతి అనుకుని ఏ చిన్న క్లినిక్కులోనో కోయించుకోవడమే అసలు ప్రమాదం. రక్తం ఓ పట్టాన ఆగదు. ముందు డోప్లర్ స్కాన్ చేయించాలి. ఆపరేషన్ అవసరమైతే యాంజియోగ్రామ్ కూడా. ఏయే ధమనులు రక్తం అందిస్తున్నాయో, పుర్రె లోపలి నాళాలతో సంబంధం ఉందో లేదో అందులో తేలుతుంది.

'రక్తమిచ్చే ధమనిని ముడేస్తే పోదా?' అనిపిస్తుంది. పూర్వం అలాగే చేసేవారు. పక్కనున్న నాళాలు తెరుచుకుని గడ్డ మళ్లీ తయారయ్యేది. అందుకే చిక్కు మొత్తాన్నీ తీసెయ్యాలి. పెద్దదైతే ఒకటి రెండు రోజుల ముందు, సన్నని గొట్టం ద్వారా జిగురులాంటి మందు పంపి నాళాలను మూస్తారు. చిన్నవాటికి ఒక్కోసారి ఇదే సరిపోతుంది. ఆపరేషన్లో తల చర్మాన్ని పొరలా పైకెత్తి, నాళాలను ఒక్కొక్కటే ముడేస్తూ చిక్కుని తీసి, చర్మాన్ని మళ్లీ కుట్టేస్తారు.

'జుట్టంతా తీసేస్తారా?' చాలామంది ముందడిగేది ఇదే. సాధారణంగా కోత పెట్టేంత మేర తీస్తే చాలు. కుదుళ్లు దెబ్బతినకపోతే మళ్లీ వస్తుంది. చర్మం బాగా పల్చబడో, పుండు పడో ఉంటే మాత్రం దాన్నీ తీసి, పక్క చర్మాన్ని జరిపి కప్పుతారు. తొడ నుంచి అతుకు వేస్తే అక్కడ జుట్టు రాదు. మీ అమ్మాయికి ఏది చేస్తారో ఆపరేషన్‌కి ముందే సర్జన్‌ని అడగండి. ఏ కొంచెం మిగిలినా తిరిగి పెరుగుతుంది కాబట్టి, కుట్లు విప్పాక కూడా చెకప్‌లు మానకూడదు.